మిసో గిన్నెలో బూజు, శెనక్కాయలో బూజు

హైదరాబాదు, బెంగళూరు నగరాల్లోని కొన్ని కేఫ్‌లలో ఇప్పుడు జపాన్ పద్ధతి బ్రంచ్ దొరుకుతోంది. పలహారానికి పొద్దుపోయి, భోజనానికి ఇంకా పొద్దుండగా, పది పదకొండు గంటల మధ్య తినే తిండి ఇది. చిన్న గిన్నెలో పొగలు కక్కే మిసో సూప్, మరో గిన్నెలో ముద్దముద్దగా అంటుకునే అన్నం, పొరలు పొరలుగా చుట్టిన గుడ్డు అట్టు, కాల్చిన చేపముక్క, ఊరేసిన ముల్లంగి, అద్దుకోవడానికి సోయా సాస్. పోపు ఉండదు, నూనె తేలదు, కారం జాడే కనిపించదు. ఉగ్గానీలోకి మిరపకాయ బజ్జీ నంజుకునే అనంతపురం నాలుకకు లెక్కప్రకారం ఇది చప్పిడి తిండి అనిపించాలి. కానీ సూప్ రెండు గుక్కలు దిగేసరికి నోరంతా పరుచుకునే ఒక నిండు రుచి తగులుతుంది. ఆ రుచి వెనక ఉన్నది ఒక బూజు. శాస్త్రజ్ఞులు దాన్ని ఆస్పర్‌జిల్లస్ ఒరైజే అంటారు. దాన్ని పట్టించిన ధాన్యం జపాన్ వాళ్ల కోజి. ఈ రెండు నగరాలనూ కలిపే 44వ నంబరు జాతీయ రహదారి అనంతపురం ఎర్రనేలల మీదుగా పోతుంది. ఆ నేలల్లో, శెనక్కాయ ఊడలు దిగే చోట, కోజికి రక్తసంబంధం ఉన్న మరో బూజు కాపురముంటుంది. ఒకటి తిండికి రుచి తెస్తే రెండోది అదే తిండిలో విషం నింపుతుంది. ఈ రెండింటి దారులు ఎక్కడ విడిపోయాయో చూస్తే, కరువు సీమ పంటకు పట్టిన ఈ పీడ తలరాత కాదనీ, మనుషులు పూనుకుంటే చాలావరకు వదిలేదేననీ తెలుస్తుంది.

ముందు రుచి సంగతి. తీపి, పులుపు, ఉప్పు, చేదులతో పాటు నాలుకకు ఐదో మూల రుచి ఒకటుందని 1908లో టోక్యో శాస్త్రవేత్త కికునే ఇకెడా తేల్చాడు. కొంబు అనే సముద్రపు నాచును కాచిన రసం నుంచి గ్లుటామేట్‌ను వేరుచేసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. గ్లుటామేట్ ఒక అమైనో ఆమ్లం. మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాల గొలుసులే కాబట్టి పప్పులోనూ గింజలోనూ అది దండిగానే ఉంటుంది. అయితే గొలుసులో బిగిసి ఉన్నంతకాలం నాలుక దాన్ని పసిగట్టలేదు, విడివడితేనే రుచి పుడుతుంది. ఉడికించిన సోయా గింజ ఎంత బలమైన తిండైనా రుచికి అంతంతమాత్రంగా ఉండడానికి కారణం ఇదే. ఆ గొలుసులను తెంపే ఎంజైములను ఇబ్బడిముబ్బడిగా విడుదల చేయడం కోజి బూజు ప్రత్యేకత. ఒక రకం ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి, మరో రకం మాంసకృత్తులను అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. ఉడికించిన సోయాలో కోజి, ఉప్పు కలిపి తొట్లలో నెలల తరబడి మగ్గబెడితే మిసో అవుతుంది. అంత ఉప్పులో బూజు బతకలేదు గాని, అది వదిలిన ఎంజైములు తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. ఈ బూజు శక్తిని గమనించిన జోకిచి తకమినె దాని ఎంజైములను వేరుచేసే పద్ధతికి 1894లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. అరుగుదల మందుగా అది చాలాకాలం అమ్ముడుపోయింది.

కోజి తయారీని దగ్గరగా చూస్తే ఈ రుచి ఎంత క్రమశిక్షణతో వస్తుందో అర్థమవుతుంది. నానబెట్టిన బియ్యాన్ని నీళ్లలో వేయకుండా ఆవిరి మీదే ఉడికిస్తారు. మెతుకు లోపల తేమ ఉండాలి, పైన మాత్రం పొడిపొడిగా ఉండాలి. ఒంటి వేడికి చల్లారాక బూజు బీజాల పొడిని సన్నగా చల్లి కలుపుతారు. ఆ తర్వాత దాదాపు రెండు రోజులు వెచ్చని గదిలో, 30 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. బూజు పెరిగేకొద్దీ తనే వేడి పుట్టిస్తుంది కనుక, వేడి హద్దు దాటకుండా గడ్డకట్టిన మెతుకులను చేత్తో విడదీసి, చెక్క పళ్లాల్లో పలచగా పరిచి, వేళకు తిరగేస్తుంటారు. ప్రతి మెతుకూ తెల్లటి నూగు కప్పుకోగానే, రంగు బీజాలు పుట్టకముందే పెంపకం ఆపేస్తారు. చల్లే బీజాలను గాలి మోసుకొచ్చినవాటి నుంచి ఏరుకోరు. వాటిని తరతరాలుగా కాపాడి, వడగట్టి అమ్మే ఇళ్లు జపాన్‌లో వందల ఏళ్లుగా ఉన్నాయి. బీజాలు కట్టించే బియ్యంలో కట్టె బూడిద కలపడం వాళ్ల పాత కిటుకు: బూడిద క్షారానికి ఇతర సూక్ష్మజీవులు తట్టుకోలేవు, కోజి తట్టుకుంటుంది. అంటే రెండు పట్లు: విత్తనం ఎవరిదో తెలిసి ఉండాలి, తేమా వేడీ మనిషి అదుపులో ఉండాలి.

ఇక రెండో బూజు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని రోగంతో చచ్చిపోయాయి. కూపీ లాగితే, కారణం బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ చెక్కలో దొరికింది. చెక్కలో పెరిగిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసిన విషం అది. ఆ బూజు పేరు మీదనే అఫ్లటాక్సిన్ అన్నారు. అందులో బి1 అనే రకం కాలేయ కేన్సరుకు దారితీసే విషాల్లో అతి ప్రమాదకరమైనవాటి సరసన ఉంది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో కోతల వేళ వానలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. ఆ కారణాన్ని బయటపెట్టింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు. ఈ విషపు బూజుకూ కోజి బూజుకూ ఉన్న దగ్గరితనం ఎంతటిదంటే, జన్యుపటాలు పక్కపక్కన పెడితే దాదాపు మొత్తం ఒకటే. కోజి జన్యుపటం 2005లో వెలువడింది. ఫ్లేవస్‌లో అఫ్లటాక్సిన్‌ను తయారుచేసే పాతిక పైచిలుకు జన్యువులు ఒకే వరసలో గుంపుగా ఉంటాయి. కోజిలో ఆ గుంపు కొన్ని రకాల్లో సగం ఊడిపోయి, మరికొన్నింట్లో ఉన్నా చెడిపోయి, పనికిరాకుండా పడి ఉంది. తోడేలు నుంచి కుక్క వచ్చినట్టు, మనిషి చేతి కింద పెరిగి సాధువైన ఫ్లేవసే కోజి అని నేటి జీవశాస్త్రం అంటోంది.

ఆ అడవి బూజు అనంతపురం చేలల్లో ఎందుకు రెచ్చిపోతుందో చూడాలి. ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి మేఘాలు ఇక్కడికి వట్టిపోయి వస్తాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య వానలూ అరకొరే. ఎర్రనేలలు లోతు లేనివి, తేమను నిలుపుకోలేనివి. అలాంటి చోట, 2022లో శ్రీ సత్యసాయి జిల్లా విడిపోకముందు, ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక దశలో ఏడు లక్షల హెక్టార్లకు మించి వేరుశనగ వేసేవారు. ఈ పంటకు ఒక విచిత్రం ఉంది: పువ్వు నేల మీద పూస్తుంది, కాయ నేలలో ఊరుతుంది. అంటే గింజ మొదటి రోజు నుంచీ బూజు ఉన్న మట్టిలోనే పెరుగుతుంది. మామూలుగా పచ్చి గింజ తనను తాను కాపాడుకుంటుంది. బూజు తాకగానే దాన్ని అడ్డుకునే రసాయనాలు తయారుచేస్తుంది. ఆ తయారీకి గింజలో తగినంత నీరు కావాలి. కోతకు ముందు చివరి మూడు నుంచి ఆరు వారాల్లో వాన ముఖం చాటేస్తే, ఆకులు వాడి నేల మీద నీడ పోతుంది, కాయ చుట్టూ మట్టి 30 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, గింజలో నీరు తగ్గి ఆ రక్షణ ఆగిపోతుంది. బూజుకు మాత్రం ఆ మిగిలిన కాస్త తేమ చాలు. గింజ ఓడిపోయి బూజు ఇంకా బతకగల ఆ కొద్ది వారాల సందులోనే విషం చేరుతుంది. చెదలు, పురుగులు కాయ తొక్కను కొరికితే దారి మరింత సులువు.

కోత తర్వాత కథ తిరగబడుతుంది: చేలో నీళ్లు చాలక వచ్చిన చేటు, కల్లంలో నీళ్లు ఎక్కువై వస్తుంది. పీకిన చెట్లను కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఎండబెడితే గింజలో తేమ ఏడెనిమిది శాతానికి దిగి బూజు ఎదుగుదల ఆగుతుంది. అయితే అక్టోబరులో తుఫాను వాన ఎప్పుడు ముంచుతుందో తెలియదు. కూలీలు దొరకక, మిషను వంతు రాక, సగం ఎండిన చెట్లనే వామి వేస్తారు. వామి లోపల వేడి, తేమ, ఆగిపోయిన గాలి: కోజి గదిలో కావాలని సృష్టించే వాతావరణమే ఇక్కడ ఎవరి అదుపూ లేకుండా తయారవుతుంది. ఆపైన కాయలు ఒలిచే ముందు గింజ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు ఒకటుంది. తడిసిన ఆ గింజలు బస్తాల్లోకెక్కితే మిగిలిన పని బూజు పూర్తిచేస్తుంది. పుచ్చి, ముడతలు పడి, రంగు మారిన గింజల్లోనే విషం ఎక్కువగా పోగుపడుతుంది గనక ఏరివేతకు అంత విలువ. తీవ్రంగా బూజు పట్టిన ఒక్క గింజ కొన్ని కిలోల సరుకును అంతర్జాతీయ హద్దు దాటించగలదు. నేరుగా తినే వేరుశనగలో ఐరోపా దేశాలు ఒప్పుకునే మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు. అంటే ఒక టన్ను గింజల్లో 4 మిల్లీగ్రాములు మాత్రమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వస్తుంది. కోజి సాధువు కావడం జపాన్ వాళ్ల అదృష్టం కాదా? వందల ఏళ్ల కిందట కోజి పెంచినవాళ్లకు అఫ్లటాక్సిన్ అంటే తెలియదు కదా? నిజమే, విషం తీసేయాలని వాళ్లు ఎంపిక చేయలేదు. తీపి ఎక్కువ ఇచ్చేది, మంచి వాసన వేసేది, మెతుకును త్వరగా కప్పేది అయిన బూజును ఏరి ఏరి కాపాడారు. పిండిపదార్థం పుష్కలంగా ఉన్న, పోటీ లేని, పురుగు లేని గదిలో తరాల తరబడి పెరిగిన బూజుకు విషం తయారుచేయడం దండగ ఖర్చు. ఆ జన్యువులు చెడినా దాని బతుక్కి లోటు రాలేదు, అవి అలాగే రాలిపోయాయి. 2012లో వెలువడిన జన్యు పరిశోధన కూడా పిండిని విడగొట్టే శక్తి పెరగడం, ఇతర రసాయనాల తయారీ తగ్గడం మనిషి ఎంపిక మిగిల్చిన ముద్రలని చూపింది. తెలియక చేసినా అది పద్ధతే, అదృష్టమనలేం. 1960 నాటి టర్కీ కోళ్ల వార్త తర్వాత జపాన్ శాస్త్రజ్ఞులు తమ పరిశ్రమలో వాడే కోజి రకాలను పరీక్షకు పెట్టారు. వాటిలో విషం తయారుచేసేది ఒక్కటీ తేలలేదు. నమ్మకం మీద వదిలేయకుండా కొలిచి చూసుకున్నారు. 2006లో అక్కడి బ్రూయింగ్ సొసైటీ కోజిని జాతీయ బూజుగా ప్రకటించిందంటే దాని వెనక ఈ ధీమా ఉంది.

దీనికి ఎదురుగా మరో ఉత్సాహం పుట్టకూడదు. బూజు మంచిదేనంటున్నారు కాబట్టి మన వంటింట్లో శెనక్కాయ పొడికి పట్టిన బూజు కూడా మంచిదే అనుకోవడం ప్రాణాంతకం. రాత్రికి రాత్రి రొట్టె మీదో గింజ మీదో లేచిన బూజు ఏ రకమో కంటికి తెలియదు. కోజి, ఫ్లేవస్ సూక్ష్మదర్శిని కింద కూడా నిపుణులను తికమక పెడతాయి. ఇడ్లీ పిండి, పెరుగు, సద్దన్నం పులిసేది ప్రధానంగా బ్యాక్టీరియా వల్ల. తెలుగు వంటిల్లు బూజును చూస్తే పారేయడమే నేర్చుకుంది, ఈ ఎండల దేశంలో అది తెలివైన అలవాటు. వేయిస్తే పోదా అంటే, ఈ విషం వంటింటి వేడికి పూర్తిగా చావదు. వేపుడు కొంత తగ్గించగలదు, ఉడకబెట్టడం అంతగా పనిచేయదు. గానుగ నూనె మీద మోజు పెరిగిన ఈ రోజుల్లో ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది, శుద్ధి చేసిన నూనెలో దాదాపు మిగలదు. శుద్ధి లేని నూనె ఎంత మంచిదన్నది ఆడించిన గింజ ఎంత మంచిదన్నదాని మీదే ఆధారపడుతుంది. చెక్క తిన్న పాడి పశువుల పాలలోకి ఈ విషం రూపు మార్చుకుని వస్తుంది. మా తాతలు తిన్నారు, ఏమీ కాలేదు అనే వాదనకు జవాబు కూడా ఇక్కడే ఉంది: తక్కువ మోతాదులో ఇది ఒక్క పూటలో పడగొట్టే విషం కాదు, ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దశాబ్దాల తర్వాత వచ్చిన కేన్సరును ఎప్పుడో తిన్న గింజతో ఏ కుటుంబం ముడిపెట్టుకోగలదు?

కోజి నేర్పిన మొదటి పాఠం, విత్తనం మనదై ఉండడం, పొలంలోకీ చేరుతోంది. అమెరికాలో 2004లో వేరుశనగకు అనుమతి పొందిన అఫ్లా గార్డ్ అనే ఉత్పత్తి ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. అందులో ఉన్నది ఫ్లేవసే. కాకపోతే విషం తయారుచేసే జన్యువుల గుంపు మొత్తం ప్రకృతిలోనే పోగొట్టుకున్న రకం. దాని బీజాలు పూసిన బార్లీ గింజలను చేలో చల్లితే, అది ముందుగా నేలను ఆక్రమించి విషపు రకానికి చోటు లేకుండా చేస్తుంది. ఆఫ్రికాలో నైజీరియా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ, స్థానిక నేలల నుంచే సాధు రకాలను ఏరి, జొన్నల మీద పట్టించి అఫ్లాసేఫ్ పేరుతో రైతులకు అందిస్తోంది. సెనెగల్, గాంబియా వేరుశనగ చేలల్లో విషం 80 శాతానికి మించి తగ్గిన ఫలితాలు ఉన్నాయి. సాధు రకం విషపు రకంతో జతకట్టి మళ్లీ చెడిపోదా అన్న అనుమానం కొట్టిపారేయదగ్గది కాదు. ఫ్లేవస్‌కు లైంగిక దశ ఉందని 2009లో తేలింది. అందుకే ఒక రకాన్ని చల్లి ఊరుకోకుండా, అదే సీమ మట్టిలోంచి ఎంచుకున్న కొన్ని రకాలను కలిపి వాడడం, ఏటా గింజను కొలవడం అవసరం. అనంతపురం మట్టికి అమెరికా బూజు కంటే రేకులకుంట, కదిరి పరిశోధన స్థానాల చుట్టుపక్కల మట్టిలో దొరికే సాధు రకమే నప్పుతుంది.

రెండో పాఠం తేమ. ఇక్కడే అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ ఉంది. కోజి గది నాలుగు గోడల మధ్య ఉంటుంది, చేనుకు గోడలు లేవు. వాన రాకపోతే రైతు ఏం చేస్తాడు? కరువును రైతు ఆపలేడన్నది నిజం, కానీ విషానికి కావలసింది ఏడాది పొడుగునా కరువు కాదు, చివరి వారాల కరువు. ఆ వారాలను తప్పించుకోవడానికి దారులున్నాయి. తొందరగా కోతకొచ్చే రకాలు ఒక దారి: పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి వచ్చి అనంతపురం మెట్ట చేలల్లో ప్రచారం పొందిన ఐసీజీవీ 91114 అలాంటిదే, బెట్టను తట్టుకునే కదిరి లేపాక్షి వంటి రకాలు ఇంకొన్ని. నీటికుంట ఉన్నచోట ఆఖరి బెట్టలో ఒక్క తడి ఇవ్వగలిగితే గింజ రక్షణ మళ్లీ పనిచేస్తుంది. ఊరిన కాయను ఊరినప్పుడే పీకడం, దెబ్బతిన్న కాయలను, చేను అంచున చచ్చిన చెట్ల కాయలను విడిగా పెట్టడం, వామి వేయకముందే ఎండబెట్టడం, ఒలిచే ముందు నీళ్లు చల్లకపోవడం: వీటిలో ఏదీ పూర్తిగా వాన చేతిలో లేదు. వీటిలో కొన్నింటికి కూలి ఖర్చవుతుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

మార్కెట్ యార్డులో శెనక్కాయ ధర కట్టేటప్పుడు చూసేది కాయకు గింజ ఎంత వస్తుంది, తేమ ఎంత ఉంది, గింజ ఎంత లావుంది అన్నవే. విషం కొలిచి ధర పెంచే పద్ధతి రైతు దగ్గర సాధారణంగా లేదు. కొలిచే కిట్లు మాత్రం ఉన్నాయి, ఇక్రిశాట్ చవకైన పరీక్షా పద్ధతిని రూపొందించి చాలాకాలమైంది. ఎగుమతి సరుకును రంగును బట్టి యంత్రంతో ఏరి కొలిచి పంపుతారు. ఏరగా మిగిలిన పుచ్చు గింజలు నూనెకో, చవక చిక్కీలకో, ఊరి సంతకో చేరే ప్రమాదం ఉంది. విషం ఎక్కువ తినేది ఎగుమతి సరుకు కొనేవాడు కాదు, ఏరివేసిన గింజ కొనే పేదవాడు. శుభ్రమైన గింజకు బస్తా మీద పైకం పెంచి ఇస్తే రైతు ఎండబెట్టే రోజులకు కూలి గిట్టుతుంది. ఏరిన పుచ్చు గింజలు తిండిలోకి రాకుండా ప్రభుత్వమే కొని వేరే పనికి మళ్లిస్తే చక్రం పూర్తవుతుంది. ఈ ఖర్చు ఎవరు భరించాలి అనేవాళ్లు కేన్సరు చికిత్స ఖర్చును, వెనక్కి వచ్చిన ఎగుమతి సరుకు నష్టాన్ని కూడా అదే పద్దులో రాయాలి.

అదుపు ఉన్నచోట వేరుశనగకూ బూజుకూ స్నేహం కుదురుతుందనడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. ఇండోనేషియాలోని పశ్చిమ జావాలో వేరుశనగ చెక్క మీద న్యూరోస్పొరా అనే నారింజ రంగు బూజును పట్టించి ఓంచోమ్ అనే తిండి చేసుకుంటారు. వేయించి కూరల్లో వేసుకునే పేదల మాంసకృత్తు అది. ఆ బూజు చెక్కలోని అఫ్లటాక్సిన్‌ను కొంత తగ్గించగలదని పరీక్షల్లో తేలింది. అంతమాత్రాన చెడిన చెక్కను బాగుచేసే మార్గంగా దాన్ని చూడకూడదు. మంచి చెక్కకు విలువ పెంచే మార్గంగా చూడాలి. కోజితో వేరుశనగ మిసో చేయడంలోనూ శాస్త్రపరంగా అడ్డేమీ లేదు, గింజ శుభ్రంగా ఉండి విత్తనపు బూజు నమ్మకమైనదైతే చాలు. నగరంలో మిసో సూప్ తాగి మెచ్చుకునేవాళ్లు ఆ రుచికి డబ్బు ఇస్తున్నారు. నిజానికి ఆ ధరలో కొంత భాగం తరాల తరబడి బూజును అదుపులో పెట్టిన శ్రమకు చెందుతుంది. అదే శ్రమ అనంతపురం కల్లంలో జరగాలంటే, అక్కడి సంగటి పక్కన పెట్టే ఊరిబిండికి వాడే గింజ కూడా అంత నిక్కచ్చిగా ఉండాలని మనం అడగాలి, అలా ఉన్నందుకు ధర చెల్లించాలి. అడిగేవాడు, కొలిచేవాడు, చెల్లించేవాడు కలిస్తే వాన ఎప్పటిలాగే మొండికేసినా శెనక్కాయలో విషం తగ్గుతుంది.